దోమపోటు వెనుక యూరియా: గోదావరి డెల్టాలో ఒక సార్వా చేను అధ్యయనం

ఈ అధ్యయనం పశ్చిమ డెల్టాలో, కాలువ శివారు ఆయకట్టులో ఉన్న మూడెకరాల కౌలు చేనుకు సంబంధించినది. పంట సార్వా (ఖరీఫ్) వరి, రకం స్వర్ణ. సస్యరక్షణ సలహా కోసం రైతు నన్ను పిలిచేనాటికి అక్టోబరు వచ్చింది. అప్పటికే చేను నడుమ నాలుగైదు చోట్ల దుబ్బులు గుండ్రంగా సుడులు పడి ఎండిపోయాయి. దుబ్బును పక్కకు వంచి మొదలు చూస్తే నీటిమట్టానికి కాస్త పైన వరి రసం పీల్చే పురుగు, గోధుమరంగు దోమ, గుంపులుగా కనిపించింది. నష్టపరిమితి, అంటే మందు కొట్టక తప్పని స్థాయి, ఈనిక దశలో దుబ్బుకు 20 నుంచి 25 పురుగులని చెబుతారు. ఇక్కడ లెక్కపెట్టడం కూడా కష్టమైంది. రైతు అడిగింది ఒక్కటే, ఏ మందు కొట్టాలని.

మందు చెప్పాం, కొట్టించాం, సుడులు మరింత విస్తరించకుండా ఆగాయి. పని అక్కడితో ముగిసినట్టే లెక్క. కానీ ఆ రైతు దుకాణం ఖాతా పుస్తకం తెచ్చి చూపించి, "పెట్టుబడంతా మందులకే అయిపోయిందండి, ఇంకేం మిగుల్తాదండి" అన్నప్పుడు, ఆ పుస్తకంలోని పద్దులను నాట్ల నాటి నుంచి వరుసగా చదివి, ఏ ఖర్చు దేనివల్ల వచ్చిందో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. దోమ మందుల ఖర్చుకు బీజం దోమ రావడానికి ఎన్నో వారాల ముందే, యూరియా చల్లిన రోజునే పడిందని ఆ రాతలో తేలింది. ఆ పుస్తకంలో ఎక్కడా కనబడని ఖర్చులు మరికొన్ని ఉన్నాయని కూడా తేలింది. వాటిని రైతు కొంత, కూలీ కొంత, పొరుగువారు కొంత, ప్రభుత్వ ఖజానా కొంత భరించారు.

చేనుకు ఏం వేశారు

నాట్లు జులై చివరిలో పడ్డాయి. దమ్ములో ఎకరాకు ఒక బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) వేశారు. ఆ తరువాత మూడు దఫాలుగా ఎకరాకు మూడు బస్తాల యూరియా చల్లారు. పొటాష్ వేయలేదు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో 18 శాతం, అంటే 9 కిలోలు ఉంటుంది. మొత్తం కలిపితే ఎకరాకు 71 కిలోల నత్రజని పడింది. ఈ ప్రాంతంలో సార్వా వరికి చెప్పే సిఫారసు ఎకరాకు 36 కిలోలు. అంటే అవసరానికి దాదాపు రెట్టింపు. పైగా 1982లో మారుటేరు పరిశోధన స్థానం నుంచి విడుదలైన స్వర్ణ, తక్కువ ఎరువుతో మంచి దిగుబడి ఇస్తుందనే పేరుతోనే ఇన్నేళ్లుగా రైతుల దగ్గర నిలిచిన రకం. దానికి ఇంత నత్రజని ఇవ్వడంలో దిగుబడి పరంగా అర్థం లేదు.

అయినా రైతు ఎందుకు వేశాడో అర్థం చేసుకోకుండా అతన్ని తప్పుపట్టడం అన్యాయం. అదనంగా పడిన 35 కిలోల నత్రజని కోసం అతను పెట్టిన డబ్బు, బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున, ఎకరాకు సుమారు 450 రూపాయలు మాత్రమే. 2010 ఏప్రిల్ 1 నుంచి పోషకాల ఆధారిత రాయితీ విధానం వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను కంపెనీలకు వదిలేసి, యూరియా ధరను మాత్రం ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకుంది. ఫలితంగా చేనుకు వేసేవాటిలో యూరియా అన్నిటికంటే చవకైనదిగా మిగిలిపోయింది, పొటాష్ బరువైనదైంది. కౌలు రైతు దృష్టిలో మరో కారణం కూడా ఉంది. చేను బాగుందో లేదో భూమి యజమాని గట్టు మీద నిలబడి రంగు చూసి తేలుస్తాడు. ముదురాకుపచ్చగా ఉంటే కౌలుదారు కష్టపడుతున్నాడని, లేతగా ఉంటే పెట్టుబడి పెట్టడం లేదని అనుకుంటాడు. వచ్చే ఏడు కౌలు దక్కాలంటే చేను నల్లగా ఉండాలి. యూరియా వాడకాన్ని తగ్గించమని చెప్పే మా బోటి వాళ్లం ఈ ఒత్తిడిని లెక్కలోకి తీసుకోవడం చాలా అరుదు.

ఒక ఖర్చు ఇంకొక ఖర్చును ఎలా తెచ్చింది

అదనపు నత్రజనితో ఆకు మెత్తబడి, చేను గుబురుగా కమ్ముకుంది. ఆకుముడత పురుగుకు, పాముపొడ తెగులుకు అది అనుకూలమైన స్థితి. దోమకు మరీ అనుకూలం. నత్రజని ఎక్కువగా ఉన్న మొక్క రసం పీల్చిన ఆడ దోమ ఎక్కువ గుడ్లు పెడుతుందని, పిల్ల దోమలు ఎక్కువగా బతుకుతాయని వరి పరిశోధనల్లో పదే పదే రుజువైంది. కాలిబాటలు (నాటులో మధ్య మధ్య వదిలే ఖాళీ దారులు) తీయకుండా నాటినందువల్ల దుబ్బుల మొదళ్లకు గాలీ వెలుతురూ తగలలేదు.

ఇక మందుల వరుస చూద్దాం. నాటిన ఇరవై రోజులకు, పురుగు కనబడక ముందే, యూరియాలో కార్టాప్ గుళికలు కలిపి చల్లారు. ఇది ఈ ప్రాంతంలో అలవాటుగా సాగే పని. తరువాత ఆకుముడత కనబడగానే క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు పిచికారీ చేశారు. పిలకలు వేసే దశలో వరి మొక్క ఆకులకు తగిలిన దెబ్బను కొత్త ఆకులతో పూడ్చుకోగలదు. ఆ దశలో ఆకుముడత వల్ల దిగుబడి తగ్గే సందర్భాలు తక్కువ. నా అభిప్రాయంలో ఈ చేను మొత్తం ఖర్చులో నిర్ణాయకమైన పొరపాటు ఈ పిచికారీయే. సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు వరిలో దోమను తిరిగి విజృంభింపజేస్తాయని దశాబ్దాల నుంచి తెలిసిన విషయం. ఎలాగంటే, దోమ తన గుడ్లను కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగు కణజాలం లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు వాటిని తాకదు. కానీ ఆ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులు, పిల్ల దోమలను వేటాడే సాలెపురుగులు, అక్షింతల పురుగులు మందుకు చనిపోతాయి. వారం, పది రోజుల్లో గుడ్లు పగిలి బయటికి వచ్చిన పిల్లలకు ఆ చేలో శత్రువే ఉండదు. నెలలోపు ఇంకో తరం తయారవుతుంది. అలా రెండు తరాలు గడిచేసరికి సెప్టెంబరు చివరికి దోమ గుంపు కట్టింది.

అప్పుడు ఇమిడాక్లోప్రిడ్ కొట్టారు. ఈ మందును తట్టుకునే శక్తి దోమలో పెరిగిందని ఆసియా వరి దేశాల్లో 2000ల దశకం నుంచే నమోదవుతూ వచ్చింది. ఇక్కడా పని చేయలేదు. దాని తరువాత దుకాణంలో ఇచ్చిన మరో మందు, ఆ పైన పాముపొడకు శిలీంద్రనాశిని, చివరికి నేను చెప్పిన పైమెట్రోజిన్. ఖాతాలో ఒక పద్దు కంటే దాని తరువాతి పద్దు పెద్దదిగా ఉంది. మొదటి పిచికారీ లేకపోతే తరువాతివాటిలో చాలా వరకు అవసరమయ్యేవి కావు.

కోత సమయానికి మరో ఖర్చు ఎదురైంది. మెత్తబడిన గడ్డి వెన్ను బరువుకు ఆగక, వాన పడగానే చేను ఒరిగింది. ఒరిగిన చేనును తడి నేలలో కోయాలంటే చైన్ మిషనే (గొలుసు పట్టాల మీద నడిచే కోత యంత్రం) కావాలి, అది గంటల లెక్కన ఎక్కువ సేపు పట్టింది. సుడులు పడిన చోట తాలు ఎక్కువగా వచ్చింది. మిషన్ అద్దె, తాలు కోత మందుల ఖాతాలో ఎక్కవు కాబట్టి వాటిని యూరియా ఖర్చని ఎవరూ అనుకోరు. కానీ అవి యూరియా ఖర్చే.

ఖాతాలో ఎక్కని పద్దులు

ముందుగా మందు కొట్టిన మనిషి సంగతి. మందును చేనుకు కొట్టింది రైతు కాదు, రోజు కూలికి వచ్చిన యువకుడు. చేతులకు తొడుగులు లేవు, ముక్కుకు తువాలు చుట్టుకున్నాడు. మొదటి పిచికారీ నాటి సాయంత్రం తలనొప్పి, కళ్లు మసకబారడం, వాంతులు వచ్చాయని, రెండు రోజులు పనికి పోలేదని చెప్పాడు. క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి. అది మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా మళ్లీ మందు కొడితే దెబ్బ మీద దెబ్బ. అతను పోగొట్టుకున్న కూలి, మందుల షాపులో కొన్న మాత్రల ఖర్చు ఈ చేను సాగు ఖర్చులో భాగమే. దాన్ని అతని ఇల్లు భరించింది. ఫిలిప్పీన్స్‌లో వరి రైతుల ఆరోగ్య ఖర్చును సాగు ఖర్చులో కలిపి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1993లో వెలువరించిన అధ్యయనం ఇదే అంశాన్ని లెక్కతో తేల్చింది. వైద్య ఖర్చును కలిపి చూస్తే, షెడ్యూలు ప్రకారం మందు కొట్టడం కంటే, మందు అసలే కొట్టకుండా మిత్ర పురుగులకు వదిలేయడమే రైతుకు ఎక్కువ లాభదాయకమని అది చూపింది. వరిలో పురుగుమందుల ఆర్థికం గురించి మాట్లాడేవారందరూ ముందు ఈ ఫలితానికి జవాబు చెప్పాలని నేను భావిస్తాను.

రెండోది నీరు. చేలో నీటిలో యూరియా చల్లితే మొక్కకు చేరేది మూడో వంతు, మహా అయితే నలభై శాతం. పగటిపూట నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడంతో నీటి క్షారగుణం పెరిగి, అమ్మోనియా గాలిలో కలుస్తుంది. కొంత నత్రజని వాయువుగానూ, నైట్రస్ ఆక్సైడ్‌గానూ పోతుంది. మిగిలింది మురుగు కాలువకు చేరుతుంది. నైట్రస్ ఆక్సైడ్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. నీరు నిలిచిన వరి చేలకు వాతావరణ మార్పుల అంతర్జాతీయ సంఘం వాడే 0.3 శాతం గుణకంతో లెక్కిస్తే, ఈ చేలో అదనంగా పడిన 35 కిలోల నత్రజని ఒక్క ఎకరంలో సుమారు 45 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నైట్రస్ ఆక్సైడ్‌ను విడుదల చేసింది. యూరియా అణువులోనే ఉన్న కార్బన్ విడుదల కావడం వల్ల మరో 56 కిలోలు. ఫ్యాక్టరీలో సహజవాయువును వాడి ఆ యూరియా తయారు చేసినప్పుడు వెలువడినది దీనికి అదనం. ఎకరాకు ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. డెల్టా మొత్తానికి, ప్రతి సార్వాకు, ప్రతి దాళ్వాకు (రబీకి) హెచ్చవేస్తే చిన్నది కాదు.

చేపల సంగతి రైతే చెప్పాడు. సైపర్‌మెత్రిన్ చేపలకు అత్యంత విషం. పిచికారీ తరువాత వాన పడి, బోదెలోకి (చిన్న పంట కాలువలోకి) నీరు దిగిన మరునాడు చిన్న చేపలు తేలాయట. కొరమీను, జెల్లలు, మట్టగిడసలు ఒకప్పుడు వరి కాలంలో పేదల ఇంట రోజూ కూరకు దొరికేవి. ఇప్పుడు కొనుక్కోవాలి. ఆ ఖర్చును ఎవరూ పురుగుమందుల ఖర్చుగా చూడరు. కోతల తరువాత చేలల్లో బాతుల మందలు తిప్పేవారు కూడా, ఏ చేలో ఎప్పుడు గుళికలు వేశారో ముందుగా అడిగి తెలుసుకున్నాకే బాతులను దింపుతున్నారు. డెల్టా పల్లెల్లో తాగునీటి చెరువులు నిండేది కాలువ నీటితోనే. ఎగువ చేల నీరు ఎక్కడ కాలువలో కలుస్తుందో, ఎక్కడ మురుగు డ్రైన్‌లోకి పోతుందో తెలియని శివారు గ్రామాలకు ఇది ప్రతి వేసవి సమస్యే. ఇటువైపు డ్రైన్లు కొన్ని కొల్లేరులో కలుస్తాయి. 2002లో రామ్‌సార్ అంతర్జాతీయ ఒప్పందం కింద చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఆ సరస్సుకు చేపల చెరువుల నుంచి వచ్చే ముప్పు గురించి అందరూ మాట్లాడతారు, సబబుగానే మాట్లాడతారు. వరి చేల నుంచి వచ్చే భాగం గురించి మాట్లాడేవారు తక్కువ.

ఖజానా భాగం చివరిది. బస్తా ధరలో రైతు చెల్లించేది కొంచెమే, ఎక్కువ భాగం రాయితీ. 2022-23లో ఎరువుల రాయితీ దేశం మొత్తానికి సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది. ఈ చేలో దోమను పెంచిన ఎరువులో సింహభాగానికి డబ్బు కట్టింది పన్ను చెల్లించే ప్రజలన్నమాట.

ఇండోనేషియా లెక్క

ఇది ఒక్క చేనుకు పరిమితమైన విషయమైతే ఇంత రాయవలసిన పని లేదు. ఒక దేశం ఇదే గొలుసును దేశవ్యాప్తంగా అనుభవించి, తెంచి చూపింది కాబట్టే రాస్తున్నాను. ఇండోనేషియాలో 1970లలో వరి రైతులకు పురుగుమందుల ధరలో దాదాపు 80 శాతం వరకు ప్రభుత్వం రాయితీ ఇచ్చింది. దశాబ్దం మధ్యలోనే దోమ విరుచుకుపడి, లక్షల మందికి సరిపోయే బియ్యం పోయింది. దోమను తట్టుకునే రకాలు తెచ్చి, 1984లో ఆ దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. కానీ మందు కొట్టడం ఆగలేదు. 1985, 1986లలో జావా ద్వీపంలో దోమ మళ్లీ వచ్చింది. ఎంత కొడితే అంత పెరిగింది. ఆనాటి అధ్యక్షుడు సుహార్తో 1986 నవంబరులో జారీ చేసిన ఆదేశంతో 57 రకాల పురుగుమందులను వరిలో వాడకుండా నిషేధించారు. ఏడాదికి పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతున్న రాయితీని దశలవారీగా తగ్గించి, 1989 నాటికి పూర్తిగా ఎత్తివేశారు. ఆ తరువాత రైతులు పొలంలోనే కూర్చుని పురుగులనూ మిత్ర పురుగులనూ లెక్కపెట్టడం నేర్చుకునే పొలంబడులు అక్కడే మొదలై, తరువాత మన రాష్ట్రాలకూ వచ్చాయి. మందుల వాడకం తగ్గింది, వరి ఉత్పత్తి పెరుగుతూనే ఉంది. అయితే 2010 ప్రాంతంలో చవక మందులు మళ్లీ పల్లె దుకాణాలను నింపినప్పుడు జావాలో దోమ మళ్లీ తిరగబెట్టింది. నిషేధం, పొలంబడి రెండూ నిరంతరం సాగితేనే ఫలితం నిలుస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990లలో, మొదటి నలభై రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టకండని రైతులకు రేడియో నాటికల ద్వారా చెప్పి, స్వయంగా చిన్న మడిలో పరీక్షించుకోమన్నారు. పిచికారీలు బాగా తగ్గాయి, దిగుబడి తగ్గలేదు. మా డెల్టాకు దగ్గరగా సరిపోయే ఉదాహరణ ఇదేనని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే ఇది ఏ రకం మార్చమనలేదు, ఏ కొత్త వస్తువూ కొనమనలేదు.

మరుసటి సార్వా

రైతు మూడెకరాలనూ మార్చడానికి ఒప్పుకోలేదు, ఒప్పుకోమని నేనూ ఒత్తిడి చేయలేదు. నష్టం వస్తే కౌలు బస్తాలు అతనే కొలవాలి. ఒక ఎకరం మాత్రం విడిగా పెట్టాం. నత్రజనిని 36 కిలోలకు దించి, మూడు దఫాలుగా, పలచని నీటిలో వేశాం. డీఏపీలో వచ్చే 9 కిలోలు పోను ఎకరాకు యూరియా అవసరం ఒకటిన్నర బస్తా కంటే తక్కువే. మిగిలిన డబ్బుకు కొంత కలిపి పొటాష్ వేశాం. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీశాం. గుళికలు వేయలేదు. మొదటి నలభై రోజులు ఏ పిచికారీ చేయలేదు. వారానికోసారి రైతే పది చోట్ల దుబ్బులు తట్టి, దోమలతో పాటు సాలెపురుగులనూ మిరిడ్ నల్లులనూ లెక్కపెట్టి గోడ మీద రాసుకున్నాడు.

సెప్టెంబరులో ఆ ఎకరంలోనూ దోమ కనిపించింది. కానీ నష్టపరిమితి దాటలేదు. మడిలో నీరు తీసి రెండు మూడు రోజులు ఆరబెట్టడంతో సరిపోయింది. మిగతా రెండెకరాల్లో మళ్లీ దోమ మందులు కొట్టవలసి వచ్చింది. కాటా మీద రెండు భాగాల మధ్య తేడా ఎకరాకు ఒక బస్తా లోపే. ఒక ఎకరం, ఒక కాలం ఆధారంగా దిగుబడి గురించి ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఖర్చు గురించి మాత్రం చెప్పవచ్చు. ఆ ఎకరానికి ఖాతా పుస్తకంలో పురుగుమందు పద్దు లేదు. చేను ఒరగలేదు కాబట్టి మిషన్ త్వరగా బయటికి వచ్చింది.

నేను రసాయనాలను పూర్తిగా విడిచిపెట్టమనే పక్షం కాదు. జనగామ జిల్లా ఏనబావి వంటి ఊరు 2006లో రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకుంది, ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పెద్ద ఎత్తున సాగుతోంది. వాటి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ పశువులు లేని, రెండు పంటల మధ్య విరామం లేని డెల్టా కౌలు రైతుకు మొదటి మెట్టు యూరియాను సిఫారసుకు దించడం, తొలి నలభై రోజులు పైరిథ్రాయిడ్లు ముట్టకపోవడం. ఈ రెంటికీ పైసా ఖర్చు లేదు.

పరిష్కారం కాని విషయం ఒకటి మిగిలింది. ఈ రైతుకు భూమి కాగితాలు లేవు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. యజమాని పెట్టలేదు. బ్యాంకు నుంచి నగదు అప్పు రాదు. మందుల దుకాణం మాత్రం పంట మీద ఎరువులూ మందులూ అప్పు ఇస్తుంది, ధాన్యం తనకే తోలాలనే షరతు మీద. సలహా ఇచ్చేదీ, సరుకు అమ్మేదీ, అప్పు ఇచ్చేదీ, ధాన్యం కొనేదీ ఒకరే అయినప్పుడు ఆకుముడత కనబడగానే ఏ సమాధానం వస్తుందో ఊహించడం కష్టం కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానుకున్నప్పుడు పెట్టుబడి ఖర్చుల గురించి ఎంతో చర్చ జరిగింది. కౌలుదారుకు నగదు అప్పు అందకుండా ఆ ఖర్చుల్లో ఈ భాగం తగ్గదు. వచ్చే సార్వాకు ఈ రైతు రెండెకరాల్లో తక్కువ యూరియా వేస్తానన్నాడు. దోమను కొంతవరకు తట్టుకునే ఇంద్ర రకాన్ని ఒక ఎకరంలో వేసి చూద్దామని అనుకున్నాం. మూడో ఎకరం రోడ్డు పక్కన ఉంది. అది లేతగా కనబడితే యజమాని ఊరుకోడని, దాన్ని మాత్రం పాత పద్ధతిలోనే ఉంచుతానన్నాడు. యజమానితో మాట్లాడటానికి నాట్ల ముందు ఇద్దరం కలిసి వెళ్లబోతున్నాం, ఖాతా పుస్తకం తీసుకుని.